కొయ్యగోళాలలో దాగిన స్ఫటికం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1974లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రాబ్సన్ అనే రసాయనశాస్త్ర అధ్యాపకుడు తరగతి కోసం బోధనోపకరణాలు సిద్ధం చేయవలసివచ్చింది. కొయ్యగోళాలు పరమాణువులు, వాటిని కలిపే పుల్లలు బంధాలు. ఏ గోళానికి ఎక్కడ రంధ్రం వేయాలో ఆయనే గుర్తులు పెట్టి కర్మశాలకు పంపాలి. కర్బనానికి ఒక తీరు, క్లోరిన్‌కు మరొక తీరు. తిరిగివచ్చిన గోళాలకు పుల్లలు గుచ్చి చూడగా, ఎవరూ మలచకుండానే అణువులు తమ రూపాన్ని తామే తాల్చినవి. రూపమంతా రంధ్రాల స్థానంలోనే ఇమిడి ఉన్నదని ఆయనకు స్ఫురించింది. మరి గోళాలకు బదులు లోహ అయాన్లను, పుల్లలకు బదులు పొడవైన కర్బన అణువులను తీసుకొంటే?

ఆ ప్రశ్న పదేళ్లకు పైగా ఆయన మనస్సులోనే ఉండిపోయింది. బోధనోపకరణాల తయారీని వృథా కాలక్షేపంగా భావించేవారు ఈ సంగతి గమనింపదగును.

వజ్రంలో ప్రతి కర్బన పరమాణువూ మరి నాలుగింటితో బంధింపబడి ఉంటుంది. ఆ తీరునే అనుసరించి రాబ్సన్, నాలుగు బంధాలను కోరే రాగి అయాన్లను, నాలుగు చేతులున్న ఒక కర్బన అణువును ఎన్నుకొన్నారు. ప్రతి చేతి చివరనున్న నత్రజని రాగికి ఎలక్ట్రాన్ జంటను అందిస్తుంది. బడిలో చదివిన సమన్వయ సంయోజనీయ బంధమే అది. ఇట్టివాటిని ద్రావణంలో కలిపితే చిక్కుపడిన నూలుండ వంటిదే మిగులునని పలువురి అంచనా. కాని చక్కని స్ఫటికాలే ఏర్పడినవి. ఎక్స్-కిరణాల పరీక్షలో వజ్రపు అల్లికే కనిపించింది, అయితే లోపల విశాలమైన ఖాళీలతో. 1989లో ఆ ఫలితం ప్రకటితమైంది. అంతులేక సాగే ఇట్టి అల్లికలే సమన్వయ పాలిమర్లు.

లోపమూ లేకపోలేదు. ఆ కట్టడాలు సులువుగా కూలిపోయేవి. 1997లో జపాన్ శాస్త్రజ్ఞుడు సుసుము కితగావా, నీటిని తొలగించినా నిలిచి, వాయువులను పీల్చి విడిచే అల్లికలను తయారుచేశారు. 1999లో ఒమర్ యాఘీ జింకుతోను, టెరిఫ్తాలిక్ ఆమ్లంతోను నిర్మించినది, లోపల శూన్యంగా ఉండి కూడా 300 డిగ్రీల సెల్సియస్ వేడికి చెక్కుచెదరలేదు. మనం కట్టుకొనే పాలిస్టర్ బట్టకూ ఆ ఆమ్లమే ముడిసరుకు. రెండు గ్రాముల ఆ పొడిలో ఒక ఫుట్‌బాల్ మైదానమంత ఉపరితలం దాగి ఉన్నది!

2025లో ఈ మువ్వురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కొయ్యగోళాలకు గుర్తులు పెట్టిన అధ్యాపకునికి అప్పటికి 88 ఏళ్లు.