పేకముక్కల పుట్టిన తేదీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేకముక్కల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కంగారుపడ్డారు. ఆట గురించి కాదండీ, ముక్కల వయసు గురించి.

ఫ్రాన్సులో టారో అనే పేక ఉంది. మొత్తం 78 ముక్కలు. మన పేకలాగే నాలుగు జాతులు, వాటిపైన 21 బొమ్మ తురుపులు, ఒక పిచ్చివాడు. ఈనాడు జోస్యం చెప్పేవారి చేతుల్లో కనిపిస్తుంది గానీ మొదట అది ఆడుకునే పేకే. అందులో ఈజిప్టు రహస్యాలున్నాయని 1781లో కూర్ ద జెబెలాఁ అనే పండితుడు రాశాక ఆ గొడవ పెరిగింది.

పారిస్ జాతీయ గ్రంథాలయం దాచిన పాత పేకలను మా మనవడు కంప్యూటరులో చూపించాడు. చెక్క అచ్చుతో గీతలు ముద్రించి, రేకులు పెట్టి రంగులు అద్దేవారట. 1650 ప్రాంతంలో పారిస్‌లో జాఁ నోబ్లే చేసిన పేక ఒకటే మిగిలింది. అందులోనూ కత్తుల జాతిలో ఆరు నుంచి పది వరకు ముక్కలు లేవు. ఆయన పిచ్చివాణ్ణి ‘లె ఫూ’ అన్నాడు. లియోఁలో 1701-1715 మధ్య పనిచేసిన జాఁ డోడాల్ ‘లె ఫోల్’ అన్నాడు. మార్సెయ్ పట్నపు నికొలా కాన్వేర్ పేకలో ‘లె మా’. పదమూడో ముక్క మృత్యువు. నోబ్లే దాని పేరు చెక్కాడు, కాన్వేర్ చెక్కలేదు. చివరి తురుపు ‘లోకం’లో డోడాల్ బొమ్మకు భుజాల మీద వస్త్రం, కాన్వేర్ బొమ్మకు సన్నని కండువా.

అయితే పాత పోకడ ఉన్నంత మాత్రాన పాత పేక అనుకోరాదు. దిజోఁలో పియేర్ మదెనియే 1709లోనే కొత్త పోకడ చెక్కాడు. అదే కాలంలో డోడాల్ పాత పోకడలోనే ఉన్నాడు. డోడాల్ కొన్ని ముక్కల మీద పరదేశానికి చేసినదని అర్థం వచ్చే అక్షరాలు కూడా వేశాడు, ఎగుమతి సరుకన్నమాట.

ఇక కాన్వేర్ పేకలో రెండు నాణేల ముక్క మీద 1760 అని ఉంది. చూడగానే తేలిపోయిందనుకున్నాను. కానీ ఆ అచ్చులతో పందొమ్మిదో శతాబ్దంలోనూ ముక్కలు తీశారు. అచ్చు మీద చెక్కిన సంవత్సరం మారదు, ముద్రించిన సంవత్సరం మారుతుంది. అందుకే కాగితం, రంగులు కూడా చూడాలి.

ఇది నాకు కొత్త కాదు. నేను పుట్టింది 1950లో. బడిలో చేర్చేటప్పుడు ఒక పంతులుగారు 1948 అని వేశారు. అదే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. సరిదిద్దమని పెట్టిన అర్జీకి గడువు దాటిందన్నారు. 2006లో యాభై ఎనిమిది నిండాయని ఇంటికి పంపారు. రెండేళ్ల జీతం, ఆ మేరకు పెన్షను పోయాయి. అప్పుడు మా చిన్నమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు.

మా నాన్నగారు పంచాంగం అంచున నా పుట్టిన తిథి రాసిపెట్టారు. సిరా వెలిసింది గానీ చదవవచ్చు. ఇవాళ తెచ్చాను, టీ దగ్గర చూపిస్తాను. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.