ఆరాధనలో వాద్యము - గ్రంథ ప్రమాణము



గుంటూరు, ఒంగోలు సీమలలో మిరప కల్లములు ఎర్రబడి, పత్తి మూటలు ఇండ్లకు చేరు దినములలో క్రైస్తవ సంఘములు కోతపండుగ జరుపుకొనుట కలదు. పంటలో తొలిభాగము కానుకగా దేవాలయమునకు వచ్చును. అట్టి సమయముల పడుచువారు డప్పు తెత్తుమందురు. పెద్దలలో కొందరు వలదందురు. “హార్మోనియమునకు లేని అభ్యంతరము డప్పునకు ఏల?” అని వారి ప్రశ్న. “మన తాతలు దింపినదానిని మనము మరల ఎత్తుకొందుమా?” అని వీరి ప్రశ్న. రెండును తేలికగా త్రోసివేయదగినవి కావు. బైబిలును ప్రమాణముగా గొన్నచో వీనికి ఏమి సమాధానము దొరకునో నేడు విచారింతము.

మొదట తాతల మాట. 1866లో తాళ్ళకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఆ యేటనే అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరెను. పేరయ్య వెంట ఆ ప్రాంతపు మాదిగలు అనేకులు క్రైస్తవులైరి. గ్రామదేవత జాతరలలో డప్పు వాయించుట అంతవరకు వారికి ఊరు విధించిన ఊడిగము. విగ్రహారాధన మానుదుమని మాట యిచ్చినవారు కనుక వారు ఆ డప్పును దింపివేసిరి. గ్రామాధికారులకు ఆగ్రహము కలిగెను. కొన్ని యూళ్ళలో వారికి పని లేకపోయెను, నీరు లేకపోయెను. అయినను వారు వెనుదీయలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

వారు దింపినది వాద్యమునా, ఊడిగమునా? దానియేలు గ్రంథము మూడవ అధ్యాయమున దీనికి సరియైన పోలిక యున్నది. బబులోను రాజు బంగారు ప్రతిమను నిలిపి, వాద్యములు మ్రోగగానే ఎల్లరును సాగిలపడవలెనని ఆజ్ఞాపించెను. ముగ్గురు యువకులు నిరాకరించిరి. వారు నిరాకరించినది మ్రొక్కును గాని వాద్యమును గాదు. అట్టి తంతివాద్యములే యెరూషలేము దేవాలయమున లేవీయుల చేతులలో స్తుతికి సాధనములైనవి. హిజ్కియా రాజు దేవాలయమును శుద్ధిచేసినప్పుడు తాళములను, తంతివాద్యములను మరల నియమించెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము చెప్పుచున్నది. నూట యేబదియవ కీర్తన వాద్యములను పేరుపేరున పిలిచి స్తుతింపుమన్నది. అయితే ఆమోసు ప్రవక్త మరియొక మాట చెప్పెను. న్యాయము లేనిచోట దేవుడు పాటను వినడు, వాద్యమును వినడు.

క్రొత్త నిబంధనకు వచ్చినచో చిక్కు మొదలగును. ఎఫెసీయులకు, కొలొస్సయులకు వ్రాసిన పత్రికలలో పౌలు కీర్తనలు పాడుడనెనే గాని, సంఘారాధనలో వాద్యము వాయింపుమని గాని, మానుమని గాని చెప్పలేదు. ఈ మౌనమునకు రెండు భాష్యములు పుట్టినవి. గ్రంథము విధింపనిది ఆరాధనలో ప్రవేశింపరాదని స్విట్జర్లాండు సంస్కర్తల పక్షము. జ్యూరిచ్ ప్రధాన దేవాలయములోని ఆర్గను 1527లో ఊడదీయబడినది. గ్రంథము నిషేధింపనిది, భక్తికి తోడ్పడునది ఉండవచ్చునని లూథరు పక్షము. 1842లో హేయరు గుంటూరునకు తెచ్చినది ఈ రెండవ సంప్రదాయమే. మొదటి పక్షపు వాదమునే వేరొక మార్గమున గైకొన్న క్రీస్తు సంఘములు మన ఆంధ్రదేశమునను కలవు. అందు నేటికిని కంఠములు తప్ప వేరు వాద్యము లేదు. వారి నిర్ణయముతో ఏకీభవింపనివారు కూడ ఒకటి ఒప్పుకొనవలెను: వారు హార్మోనియమునకు ఒక న్యాయము, డప్పునకు ఒక న్యాయము పెట్టలేదు.

వాద్యములను అంగీకరించిన సంఘముల సంగతి వేరు. హార్మోనియము పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో పుట్టిన వాద్యము. గ్రంథమున దాని పేరుండుటకు అవకాశమే లేదు. దానికిని కష్టకాలము కలిగినది. మేము పనిచేయు ఆకాశవాణియే 1940లో దానిని నిషేధించి, 1970 దశకపు తొలినాళ్ళలో గాని సడలింపలేదు. అర్హతానర్హతలను మనుష్యులు విధింతురు, మనుష్యులే మార్తురు.

ఇక డప్పు సంగతి. ఎఱ్ఱసముద్రము దాటిన పిమ్మట మిర్యాము చేతబట్టినదానిని తెలుగు బైబిలు ‘తంబుర’ యన్నది. ఆ మాట వినగానే మనకు తోచునది భజనలలోని తంత్రీవాద్యము. హెబ్రీ మూలమున నున్న మాట ‘తోఫ్’. అది వట్రువైన చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించు వాద్యము. మన డప్పును పుల్లలతో వాయింతురు, అంతియే భేదము. చట్రము, తోలు, బిగింపు ఒక్కటియే. నూట యేబదియవ కీర్తనలో ‘తంబుర’ యన్నచోటను ఉన్నది ఈ తోలు వాద్యమే. కావున మన ఇండ్లలోని వాద్యములలో ఆ కీర్తనకు మిక్కిలి దగ్గరగా నున్నది, దేవాలయపు వాకిట నిలువబడిన డప్పే యగును.

మా అభిప్రాయము ఇది. వాద్యమే వలదనువారు గ్రంథముననుసరించి వలదనవచ్చును. హార్మోనియమును ఉంచుకొని డప్పును మాత్రము వలదనుటకు గ్రంథము ఆధారము కాజాలదు. అట్టి నిరాకరణమునకు మిగిలిన కారణము ఆ తోలును ముట్టిన చేతుల విషయమైన చిన్నచూపే యైనచో, ఆమోసు మాటను వారు మరల చదువుకొనవలెను.

అయినను పడుచువారికి ఒక మనవి. ఆ డప్పును దింపుటకై ఆకలిని, అవమానమును సహించినవారి మనుమలు మీ ముందు కూర్చున్నారు. సహోదరుని మనస్సాక్షిని నొప్పింపవలదని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు చెప్పెను. పెద్దలను ప్రక్కకు త్రోసి డప్పు తేవలదు. వారి చెంత కూర్చుండి ఆ కథను వినుడు, పిమ్మట అడుగుడు. తాతలు ఊడిగమును దింపిరి. మనుమలు స్తుతిని ఎత్తుకొందురు. ఈ రెండింటికిని విరోధము లేదని పెద్దలే చెప్పగలిగిననాడు, కోతపండుగ ఊరేగింపులో మొదటి దెబ్బ వారి చేతనే వేయింపుడు.