కాఫీ గింజలు – వాని సంరక్షణము



అమరకోశమున కాఫీకి పేరు లేదు. నాకు కావ్యపాఠము చెప్పిన గురువుగారు దీనిని మ్లేచ్ఛపానీయమని నిందించుచునే ప్రొద్దుట రెండు గ్లాసులు పుచ్చుకొనెడివారు. కావున దీనిని గూర్చి ప్రసంగించుటకు నేను సిగ్గుపడను. సిగ్గుపడవలసిన సంగతి వేఱొకటి కలదు. దానినే ముందు చెప్పెదను.

మూడు సంవత్సరముల క్రిందట ఉదయగిరిలో మా యింట కాఫీ రుచి చెడెను. చేదు మాత్రము మిగిలి, పరిమళము పోయెను. ఆ నేరమును నేను మా కోడలిపై మోపితిని. పాలలో నీరు కలుపుచున్నావనియు, ఒకే పొడికి రెండుమారులు డికాక్షను తీయుచున్నావనియు బంధువుల యెదుటనే యంటిని. ఆమె "మామయ్యగారూ, పొడి పాతబడినది, వాసన చూడుడు" అని రెండు పర్యాయములు చెప్పెను. ముప్పది యేండ్లు పిల్లలకు చెప్పుటయే కాని పిల్లలు చెప్పినది వినుట యెఱుగనివాడను, నేను వినలేదు. పిమ్మట ఆమె చెప్పుట మానెను. గ్లాసు తెచ్చి బల్లపై నుంచి మాటలేక లోనికి పోవుచుండెను.

అంతట ఒక శుభకార్యమునకై ఆత్మకూరు వెళ్లి, బాల్యమిత్రుని యింట దిగితిని. ఆయన పచ్చి గింజలు తెప్పించి యింటనే వేచుకొనును. ఇనుపమూకుడు, సన్నని సెగ, చేయి విడువక కలుపుట. గింజ తొలుత పసుపువన్నెకు తిరుగును, పిదప గోధుమవన్నె పొందును, అంతట చిటచిటమని ప్రేలును. అప్పుడు కనుఱెప్పపాటు ఏమఱినను మాడిపోవును. దించినవెంటనే చేటలో పోసి విసరి చల్లార్చవలెను. కిలో గింజలు వేచిన ఎనిమిదివందల యేబది గ్రాములకు మించవు. తక్కినది తేమయై, పొగయై పోవును.

ఆ కాఫీ త్రాగి నేను మెచ్చుకొనగా ఆయన "మీ యింట పొడి యెక్కడ నుంతురు?" అని యడిగెను. నాకు జ్ఞాపకము రాలేదు.

ఇల్లు చేరి చూచితిని. పొయ్యి పైగూటిలో, ఇంగువ డబ్బా ప్రక్కన, మూత వదులైన రేకుడబ్బా. అందు నేను చవకయని నెల్లూరినుండి ఒక్కమారుగా తెచ్చిన రెండు కిలోల పొడి, సగము వెలితియై అడుగున గడ్డకట్టియుండెను. ఆ గూడు చూపినవాడనుకూడ నేనే.

వేచిన గింజలో బొగ్గుపులుసు గాలి నిండియుండి కొన్ని దినములవఱకు కొంచెముకొంచెముగా వెలికి వచ్చుచుండును. వేచిననాడే కాచిన డికాక్షను నురుగులు గ్రక్కును గాని రుచి కుదురుకొనదు. మూడు నాలుగు దినములాగుట మేలు. వెలుపలి గాలిలోని ఆమ్లజని మాత్రము గింజలోని తైలములను చెఱచును. గింజగా నున్నంతకాలము మూడు వారములు నిలుచును. పొడి చేసితిమా, కొన్ని గంటలలోనే సువాసన చాలవఱకు ఎగిరిపోవును. తక్కిన శత్రువులు వేడి, వెలుతురు, తేమ. మా కొండ చైత్రవైశాఖములలో పగటి యెండను త్రాగి రాత్రియెల్ల విడుచును. కార్తికమున తూర్పువానల చెమ్మ యింటిలోని ఉప్పునే నీరు చేయును. ఇక చికోరి సంగతి. అది యొక మొక్క వేరు, తేమను పీల్చుటలో దిట్ట. మా డబ్బాలోని గడ్డలకు అదియే కారణము. కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని నిబంధన కలదు. కొనునపుడు పొట్లముపై చదువుకొనుడు.

గింజలు పదునైదు దినములకు చాలినంతయే తెచ్చుకొనవలెను. మన రాష్ట్రముననే అరకులోయలో శ్రేష్ఠమైనవి పండుచున్నవి. వానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో నెలకొనిన గిరిజన సహకార సంస్థవారు గిరిజనులవద్ద కొని విక్రయించుచున్నారు. నిలువయుంచుటకు పింగాణి జాడి మంచిది. అయితే ఊరగాయ పెట్టిన జాడి పనికిరాదు, ఎన్ని కడుగులు కడిగినను ఆవవాసన వీడదు. మూత బిగువుగా నుండవలెను. జాడి పెద్దదై గింజలు కొంచెమైనచో లోపలి గాలియే చెఱచును గనుక చిన్న జాడులు రెండు మేలు. శీతలపేటికలో పెట్టి మాటిమాటికి తీయుట తగదు. చల్లని గింజపై చెమ్మ పట్టును, ప్రక్కనున్న కూరల వాసనయు చేరును. తడిచెంచా జాడిలో ముంచరాదు. మా ఉదయగిరి పనివారు చెక్కిన కొయ్యచెంచా నొకదానిని నేను దీనికే కేటాయించితిని.

పొడి యేనాటిది ఆనాడే ఆడించుకొని, ఫిల్టరులో మెల్లగా అదిమి, కాగిన నీరు కొంచెము పోసి నిమిషమాగి తక్కినది పోయుడు. తాజాపొడి యైనచో ఉబ్బి బుడగలు లేచును. మా పాతడబ్బాలోని పొడి బురదవలె అణగి యుండెడిది.

ఆ బంధువులే మరల వచ్చిన దినమున, తప్పు నాదని వారి యెదుటనే మా కోడలితో చెప్పితిని. ఆమె యేమియు ననలేదు. మఱునాడు తెల్లవాఱుజామున కాఫీమరను, గింజల జాడిని తెచ్చి నా ముందుంచి పోయెను. నాటినుండి గింజలాడించుట నా పని.