గోదావరి వంతెన – దుమ్ముగూడెము రాళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గ్రంథాలయమును గూర్చి మాట్లాడక వంతెనను గూర్చి మాట్లాడుటయేమని మీరు అనుకొనవచ్చును. గత వేసవిలో మన సభ్యులము కొందరము పోయి, భద్రాచలము వంతెనను, దానికి ఎగువనున్న దుమ్ముగూడెము ఆనకట్టను చూచి వచ్చితిమి. ఆ రెండింటిని చూచినపుడు నాకు తోచిన మాటను మీకు విన్నవించుకొందును.

సారపాక వైపు దిగి వంతెనపై నడచితిమి. కిలోమీటరుకు పైగా పొడవు. వేసవి గావున క్రింద ఇసుక తిన్నెలు, వాని నడుమ నీటి పాయలు కనబడినవి. ఆగి ఆగి నడచినను అరగంటలో అవతలి గట్టు చేరితిమి. ఈ అరగంట నడక మన పెద్దలకు తరతరములుగా దొరకలేదు.

పాల్వంచ తహసీలుదారైన కంచర్ల గోపన్న కాలమున, 17వ శతాబ్దములో, రెండు గట్లును గోలకొండ ప్రభువుల ఏలుబడిలోనే యుండెను. 1860 నాటి సంధితో నిజాము ఎడమగట్టు ప్రాంతమును ఆంగ్లేయులకు వదలెను. నది సరిహద్దయ్యెను. బూర్గంపాడు నిజాము రాజ్యము. భద్రాచలము 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లా. మన తాతలకు శ్రీరామనవమికి పోవుటయనగా పడవ దాటి పరరాజ్యమున అడుగిడుటయే. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలో చేరెను. అయినను పడవ రేవు పడవ రేవుగనే యుండెను. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వంతెనను ప్రారంభించిన పిదపనే, కాగితముపై కలిసిన గట్లు కాలినడకకు కలిసెను. 2014లో దిగువ మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోగా సరిహద్దు మరల భద్రాచలము పొలిమేరకు వచ్చెను. సరిహద్దులు ఎన్ని మారినను వంతెన దాటువాడు దాటుచునే యున్నాడు.

గోదావరి దానిని పరీక్షింపకపోలేదు. దిగువన కూనవరము వద్ద శబరి కలియును. ఆపైన నది పాపికొండల నడుమ లోతైన ఇరుకులో దూరిపోవును. శబరి పొంగి ఎదురు నిలిచినపుడు భద్రాచలము వద్ద నీరు దిగక పైకి లేచును. అచట 53 అడుగులు మూడవ ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా లేచెను. 2022లో వంతెనపై రాకపోకలు ఆపిరి. నీరు తీయగనే మరల సాగినవి. 2024లో దాని ప్రక్కనే రెండవ వంతెనయు తెరచిరి.

ఇక దుమ్ముగూడెము సంగతి. ధవళేశ్వరము ఆనకట్టను 1847–1852 నడుమ కట్టించిన ఆర్థర్ కాటన్ దొర, గోదావరిని పడవల బాటగా చేయదలచెను. నాగపూరు, వార్ధా సీమల ప్రత్తి ఈ నదిమీదుగా సముద్రము చేరవలెనని ఆయన తలంపు. నదికి రాతి అడ్డములు మూడుచోట్ల కలవు. అందు మొదటిది దుమ్ముగూడెము. హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున అచట రాతి ఆనకట్టను, కాలువను, లాకులను కట్టిరి. ఇంతలో 1867లో రైలు నాగపూరు చేరెను. ప్రత్తి బొంబాయి త్రోవ పట్టెను. 1871లో ప్రభుత్వము పనులు నిలిపివేసెను. రాళ్లు నేటికిని నిలిచియున్నవి. వానిని చూచి మెచ్చుకొనవచ్చును. కాని ఏ పడవల కొరకు వానిని పేర్చిరో ఆ పడవలు రాలేదు.

అయ్యా, కట్టడము నిలుచుట వేరు, దాని పని నిలుచుట వేరు. అక్కడ నిలబడినపుడు నాకు మన గ్రంథాలయము జ్ఞప్తికి వచ్చెను. ఇరువదియైదేండ్లుగా మన గోడలు నిలిచినవి, బీరువాలు నిండినవి. ఊరికి వచ్చినపిదప పుస్తకములిచ్చు పట్టికను తిరుగవేసితిని. గత వానకాలము మూడు నెలలలో వాగు అవతలి గూడెముల నుండి ఒక్క సంతకమును లేదు. అచ్చటి పిల్లలకు చదువుపై మక్కువ లేక కాదు; వాగు పొంగిన దినములలో వారు రాలేరు. మనమును పోలేదు.

1935లో పాతూరి నాగభూషణము గారు కాలువపై పడవలో పుస్తకములు ఊరూర త్రిప్పించిరి. మనకు పడవ అక్కరలేదు. వానలు పడకముందే ఒక్కొక్క గూడెమున ఒక పుస్తకముల పెట్టె ఉంచి, చదువనేర్చిన యువకునికొకనికి అప్పగించిన చాలును. దసరా పిదప తెచ్చి, వేరొక పెట్టె ఇచ్చి రావచ్చును. కొన్ని పుస్తకములు తడియవచ్చును, కొన్ని చినుగవచ్చును. బీరువాలో చెదలు తినుటకంటె చదువువాని చేతిలో చినుగుట మేలు.

మొదటి పెట్టెకు నా వంతుగా పది పుస్తకములు ఈ వేదికపైననే సమర్పించుచున్నాను. ఈ సంవత్సరము సంతకముల పట్టికలో వాగు అవతలి పేర్లు చూచిననాడే మన రజతోత్సవము నిండినట్లు.