కనిపించని సీత

 ఈ శ్రీరామనవమి ఉత్సవాల నిర్వాహకులు శాలువా కప్పి, ఇంత ఆదరించి, నా చేతికి మూడు అంశాలిచ్చారు: భవభూతి కాలం, ఉత్తరరామచరిత నాటక నిర్మాణం, తెలుగువారి మీద దాని ప్రభావం. వరసగా చెబుతాను.

భవభూతి ఎనిమిదో శతాబ్దపు కవి. విదర్భలో పద్మపురం వారిది. కనౌజును ఏలిన యశోవర్మ కొలువులో ఉన్నాడని రాజతరంగిణి చెబుతోంది. రాసినవి మూడు నాటకాలు: మహావీరచరితం, మాలతీమాధవం, ఉత్తరరామచరితం. ఇవి కాళప్రియనాథుడి జాతరలో ఆడటానికి రాసినవని ప్రస్తావనల్లోనే ఉంది. జాతరలో అండీ! దేవుడి ఉత్సవానికి వచ్చిన జనం ముందు ఇంత బరువైన నాటకం ఆడారు. ఇవాళ మన నవమి పందిళ్ళలో సాయంత్రం ఏం జరుగుతోందో మీకు తెలుసు. పద్యం మొదలెట్టగానే మైకు లాగేసుకుని సినిమా పాట పెడుతున్నారు. ఈ సంఘం ఇంకా ఉపన్యాసం పెట్టిస్తోందంటే దణ్ణం పెట్టాలి.

రెండో అంశం, నిర్మాణం. ఏడంకాలు. మొదటి అంకంలో సీతారాములు తమ గతాన్ని చిత్రపటాల్లో చూసుకుంటారు. గర్భవతి అయిన సీత అలిసి రాముడి చేతిమీదే నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉండగానే వేగులవాడు దుర్ముఖుడు లోకాపవాదం మోసుకొస్తాడు, రాముడు ఆమెను అడవికి పంపేస్తాడు. రెండో అంకానికి పన్నెండేళ్ళు గడిచిపోతాయి. రాముడు శంబూకుణ్ణి చంపడానికి దండకకు వస్తాడు. ఆ పని చేస్తూ తన కుడిచేతిని తానే నిందించుకుంటాడు. ఆ ఘట్టం మీద వేరే సభ పెట్టుకోవాలి. ఇక మూడో అంకం. ఛాయాంకం అంటారు.

ఈ కిటికీలోంచి గోదావరి గాలి వస్తోంది కదా, అందుకని ఒక మాట ముందే చెప్పేస్తాను. మూడో అంకం మొదట్లో తమస, మురళ అనే ఇద్దరు నదీదేవతలు మాట్లాడుకుంటారు. అగస్త్యుల వారి ఇల్లాలు లోపాముద్ర మురళను గోదావరి దగ్గరికి పంపింది. ఎందుకూ? రాముడు పంచవటికి వస్తున్నాడు, సీతతో తిరిగిన చోట్లు చూసి మూర్ఛపోతాడు, అప్పుడు నీ చల్లగాలితో అతన్ని తేర్చు తల్లీ అని చెప్పడానికి. భద్రాచలం దగ్గర పర్ణశాల మనదనుకుంటాం, నాసిక్ వాళ్ళు పంచవటి తమదంటారు. ఎవరిదైనా కానివ్వండి, నది ఒక్కటే. ఆ కబురు అందుకున్న నది ఒడ్డున కూర్చున్నాం మనం.

తమస ఇంకో సంగతి చెబుతుంది. అడవిలో వదిలేసిన నాడు సీత నొప్పులు పడుతూ, బతకలేక గంగలో దూకింది. ఆ నీళ్ళలోనే కవలలు పుట్టారు. గంగ, భూమి ఆమెను పాతాళానికి తీసుకుపోయి కాపాడారు. పాలు మానిన పిల్లల్ని గంగ వాల్మీకికి అప్పగించింది. ఇవాళ పిల్లల పన్నెండో పుట్టినరోజు. పువ్వులు కోసి సూర్యుణ్ణి పూజించి రమ్మని గంగ సీతను పంచవటికి పంపింది. వనదేవతలకు కూడా నువ్వు కనిపించవు, మనుషుల మాట సరేసరి అని వరమిచ్చింది. తోడుగా తమసనిచ్చింది.

వాల్మీకి రామాయణంలో ఇది లేదు. ఉత్తరకాండ కథ మనందరికీ తెలిసిందే, సీత భూమిలో కలిసిపోతుంది. ఆ ప్రేమకథను భవభూతి అక్కడ ఆగనివ్వలేదు. ఆగనివ్వకపోవడానికి అతను వాడుకున్న అద్భుతం ఈ అదృశ్యం.

ఎందుకంటారు? సీతను వదిలేసినప్పుడు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. కారణం చెప్పలేదు. భర్త గుండెలో ఏముందో పన్నెండేళ్ళు తెలియదు. ఎదురుపడితే రాజు రాజులాగే మాట్లాడతాడు. కాబట్టి ఆమె కనబడకూడదు, వినాలి. రాముడు మూర్ఛపోతాడు. నువ్వే తేర్చమ్మా అంటుంది తమస. సీత చేయి తాకగానే తేరుకుంటాడు, ఆ స్పర్శ ఎవరిదో గుర్తుపడతాడు. వెంటనే సీత వెనక్కి జరుగుతుంది. అనుమతి లేకుండా దగ్గరికి వచ్చానని కోప్పడతారేమోనని! పన్నెండేళ్ళ తర్వాత కూడా ఆ భయం. ఈ ఒక్క చోటు చదివినప్పుడల్లా నాకు పుస్తకం మూయాలనిపిస్తుంది.

తర్వాత వాసంతి వస్తుంది, సీత చెలికత్తె అయిన వనదేవత. రాముణ్ణి నిలదీస్తుంది. సీత పక్షాన మాట్లాడుతున్నది ఆమె ఒక్కతే. అయినా సీత ఆమె మీదే కోపం తెచ్చుకుంటుంది, ఇంత నొప్పించాలా అని. రాముడు మళ్ళీ పడిపోతాడు, మళ్ళీ సీత తాకుతుంది. ఈసారి ఆ చేయి పట్టుకుంటాడు. వాసంతికేమీ కనబడదు. సీత చేయి లాక్కుంటుంది. చివర్లో, అశ్వమేధానికి నాకు సహధర్మచారిణి ఉంది అంటాడు. సీత ఉలిక్కిపడుతుంది. అది సీత బంగారు ప్రతిమ అని ఆ వెంటనే తెలుస్తుంది. నిష్కారణంగా వెళ్ళగొట్టించుకున్న సిగ్గు ఆమె గుండెలోంచి అక్కడ దిగిపోతుంది. ఏడో అంకంలో వాల్మీకి గంగ ఒడ్డున, నాటకంలో నాటకం ఆడించి, అందరి ముందూ ఇద్దరినీ కలుపుతాడు. అది లోకం కోసం జరిగిన కలయిక. దంపతులు కలిసింది మూడో అంకంలోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

మన పండితులు ఈ అంకం అనగానే కరుణమే అసలు రసమని తమస చెప్పిన శ్లోకం చదివి దిగిపోతారు. ఆ శ్లోకం అంకం చివర్లోది. దానికి ముందు జరిగినదంతా ఎవరు చెబుతారు?

ఆడేవాళ్ళ సంగతీ అంతే. ఆ మధ్య ఒక సమాజం వారు ఈ అంకం ఆడితే వెళ్ళాను. సీత మీద నీలిరంగు లైటు వేసి, పొగ వదిలారు. ఆమె ముఖం కనబడలేదు. అయ్యా, సీత కనబడకూడనిది రాముడికి. మనకు మామూలు వెలుగులో నిండుగా కనబడాలి. కనుబొమ్మ కదిలినా తెలియాలి. ఆ కాలంలో పొగలేదు, లైట్లు లేవు. పాత్రధారిణి ఎదురుగా నిలబడి ఉంటే, ఆమెను చూడనట్టు పక్కవాడు నటించేవాడు. ఆ నటనలోనే దివ్యత్వం ఉంది. ఇవాళ అద్భుతం అంటే గ్రాఫిక్స్ అనుకుంటున్నారు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. మూడో అంశం క్లుప్తంగా. తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం వాల్మీకి దారిన నడిచిన కావ్యాలు. 1934లో చిత్తజల్లు పుల్లయ్యగారు తీసిన లవకుశ, ఆయన మొదలుపెడితే కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేయగా 1963లో వచ్చిన రంగుల లవకుశ మన గుండెల్లో ఉన్నాయి. ఎన్.టి.ఆర్., అంజలీదేవి జంటను మరిచిపోలేం. అక్కడా సీత భూమిలోకే వెళ్ళింది. భవభూతి సీత తెలుగు జనం దగ్గరికి ఇంకా పెద్దగా రాలేదు.

అందుకే ఈ ఊరి పద్యనాటక సమాజాలను అడుగుతున్నాను. వచ్చే నవమికి మూడో అంకం ఒక్కటి ఆడండి, గంటలో అయిపోతుంది. సీత, రాముడు, తమస, మురళ, వాసంతి, ఐదుగురు చాలు. శ్లోకాల అర్థం, ఉచ్చారణ నేను వచ్చి చెప్పిపోతాను, ఖర్చు నాదే. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు సభ కాగానే నన్ను కలవండి.