బొమ్మ చిన్నదైనా పోగు పోకూడదు

సంచికకు ఫొటోలు పంపమని అడిగింది మేమే గనుక, వాటిని ఎలా పంపాలో చెప్పే బాధ్యత కూడా మాదే.

తాతల నాటి చీర, గ్రాఫు కాగితం మీద గీసిన బుటా, మగ్గంలో కూర్చున్న నాయనమ్మ... ఇప్పుడు అన్నీ ఫోన్లలోకి ఎక్కాయి. ఒక్కో ఫొటో నాలుగు ఎంబీలనుకున్నా, రెండు వందల ఫొటోలకు 800 ఎంబీ. అలాగే పెడితే సంచిక తెరవడమే కష్టం. చిన్నవి చెయ్యక తప్పదు. అయితే ఒక్కొక్కటే తెరిచి చేస్తూ కూర్చోనక్కర్లేదు. ఇర్ఫాన్‌వ్యూ గానీ ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ గానీ కంప్యూటర్లో వేసుకుంటే ఫోల్డరు మొత్తం ఒకేసారి అప్పజెప్పవచ్చు. సొంత వాడకానికి రెండూ ఉచితమే. ఇర్ఫాన్‌వ్యూలో బి అక్షరం నొక్కితే చాలు, ఆ పని చేసే పేజీ వస్తుంది. ఐఫోన్ వాళ్ల హెచ్‌ఈఐసీ ఫొటోలు కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోవు, వాటిని జేపెగ్‌గా మార్చి పంపండి.

ఇక అసలు సంగతి. జేపెగ్ ఊరికే చిన్నదవదు. బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని సన్న తేడాలను వదిలేస్తుంది. రంగులో ఇంకా ఎక్కువ వదులుతుంది, చాలాసార్లు నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు ఉంచుతుంది. పెళ్లి ఫొటోలో మొహాలకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. బట్ట సంగతి అలా కాదు. పోగుకూ పోగుకూ మధ్య ఉండేది సన్న తేడాయే గదా! బరంపురం పట్టుచీరలో కుంభాల అంచు మొనలు, సన్నటి జరీ గీతలు, ముందు అలుక్కుపోయేవి అవే. రేపు ఆ చీర చివికిపోయాక ఫొటో చూసి గ్రాఫు గీద్దామంటే పోగులు లెక్కకు రావు. జకార్డులో ఒక అట్ట తప్పితే ప్రతి బుటాలోనూ అదే తప్పు వస్తుంది, అట్ట మార్చి సరిచేసుకుంటాం. జేపెగ్ వదిలేసిన పోగును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. పెద్దది చేస్తామనే యాప్‌లు ఊహించి గీస్తాయి, అది మన తాత నేసింది కాదు.

అందుకని మాకు పంపేది నకలే కావాలి. అసలు ఫొటోలు ఒక ఫోల్డరులో, చిన్నవి చేసినవి వేరే ఫోల్డరులో పడేట్టు ముందే చూసుకోండి. కంప్యూటరు చదివిన పిల్లలు ఇమేజ్‌మ్యాజిక్ వాడతామంటారు. వాడనివ్వండి, కానీ అందులో మోగ్రిఫై అనే ఆదేశం, వేరే చోటు చూపించకపోతే, అసలు ఫైలు మీదే రాసేస్తుంది. ముందు రెండు ఫొటోలతో చేసి, అంచు దగ్గర పెద్దది చేసి చూశాకే మిగతావి నడపమనండి.

మనుషుల ఫొటోలకు పొడుగు వైపు 1600 చుక్కలు, క్వాలిటీ 85 సరిపోతుంది. బట్టను దగ్గరగా తీసినవాటికి 90 కంటే దిగవద్దు. గ్రాఫు కాగితాలు స్కాన్ చేస్తే పీఎన్‌జీలో దాచండి, అందులో ఏదీ పోదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పెట్టండి, లేకపోతే అది మళ్లీ కుదిస్తుంది.

హాలు బయట బల్ల దగ్గర మన పిల్లలు ల్యాప్‌టాప్‌లతో కూర్చున్నారు. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లు భోజనాలకు ముందే ఇచ్చెయ్యండి, తిన్నాక వరస పెద్దదవుతుంది.