నల్లరేగడిలో పునాది: బేస్‌మెంట్‌కు ముందే ఒక మాట



ఇందిరమ్మ ఇల్లు మంజూరై ముగ్గు పోసుకున్న మీకు ఈరోజు పునాది గురించి చెబుతాను. 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే పడుతుంది. అందుకని చాలామంది పునాది తొందరగా లేపేద్దామనుకుంటారు. గోడ తప్పైతే మళ్లీ కట్టుకోవచ్చు. పునాది తప్పైతే ఇల్లంతా దెబ్బతింటుంది.

నల్లరేగడి వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు ఆరి కుంచించుకుపోతుంది. వేసవిలో చేన్లో నెర్రెలు చూస్తూనే ఉంటారు కదా? ఇంటి కింద జరిగేదీ అదే. గోడల అంచున మట్టి తడుస్తుంది, నడిమధ్య పొడిగా ఉంటుంది. ఒకవైపు లేచి ఇంకోవైపు దిగితే గోడ ఏటవాలుగా పగులుతుంది.

మరి ఏం చేయాలి?

ఒకటి: నెర్రెలో సన్నటి ఇనుప కడ్డీ దించి లోతు చూడండి. పునాది అంతకన్నా కనీసం అడుగు కిందికి పోవాలి.

రెండు: తవ్విన నల్లమట్టినే తిరిగి పోయొద్దు. మొరం పోయించండి. ఆరంగుళాలకొక పొర వేసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించాలి.

మూడు: గోడలన్నిటి కిందా ప్లింత్ బీమ్ కలిసి ఉండాలి.

నాలుగు: ఇంటి చుట్టూ మూడడుగులకు తగ్గకుండా, బయటికి వాలుగా గచ్చు వేయించండి. బాత్రూం నీళ్లు, ఇంకుడుగుంత, పెద్ద చెట్లు గోడకు దూరంగా ఉండాలి.

స్థలంలో పూడ్చిన బావి ఉంటే దాచకండి. హౌసింగ్ ఏఈకి గుంత చూపించాకే కాంక్రీటు పోయించండి. గుంత పూడ్చాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు.